ఇంగ్లీషులో ఇన్ని పరుగులెందుకు?

పోటీ పరీక్షల గైడు ఏది తిరగేసినా పర్యాయపదాల పేజీ ఒకటి తగులుతుంది. ఎడమవైపు రన్, రష్, హర్రీ, డ్యాష్, డార్ట్, బోల్ట్, స్ప్రింట్, హేసన్, స్కరీ అని బారులు తీరి ఉంటాయి. కుడివైపు మాత్రం 'పరుగెత్తు', 'త్వరపడు', 'వేగంగా వెళ్ళు' అనే మూడు మాటలే మార్చి మార్చి కనిపిస్తాయి. చదివే పిల్లలకు సందేహం రావడం న్యాయమే. అర్థం ఒకటే అయినప్పుడు ఇన్ని మాటలు ఎందుకు? ఒకటి కాకపోతే ఏది ఎక్కడ వాడాలో ఎలా తెలుస్తుంది?

'ఎలా' అన్నది తేలాలంటే ముందు 'ఎందుకు' తేలాలి. ఆ వరసలోనే వెళదాం.

క్రియలోనే అంత సరుకు ఎందుకు?

'పిల్లవాడు పరుగెత్తుకుంటూ ఇంట్లోకి వచ్చాడు' అన్న వాక్యం చూడండి. ఇందులో అసలు క్రియ 'వచ్చాడు'. ఎలా వచ్చాడన్న సంగతిని 'పరుగెత్తుకుంటూ' అనే అసమాపక క్రియ చెబుతోంది. దాన్ని తీసేసినా వాక్యం నిలబడుతుంది. ఇదే సంగతి ఇంగ్లీషులో 'హి రాన్ ఇంటు ద హౌస్' అవుతుంది. అక్కడ వచ్చాడో వెళ్ళాడో చెప్పే క్రియే లేదు. పరుగే క్రియ. లోపలికా బయటికా అన్నది 'ఇంటు' అనే పొట్టి మాట చూసుకుంటుంది. 'రాన్' తీసేస్తే ఇక వాక్యమే లేదు.

అమెరికా భాషాశాస్త్రవేత్త లెనార్డ్ టాల్మీ ఈ తేడాను పట్టుకుని ప్రపంచ భాషలను రెండు పెద్ద గుంపులుగా విడదీసి చూపించారు. 1985లో వచ్చిన ఆయన వ్యాసాన్ని ఈ రంగంలోవారు ఇప్పటికీ ముందుగా తలుచుకుంటారు. లోపలికి వెళ్ళడం, పైకెక్కడం, దిగడం వంటి దారి సంగతులను క్రియకే అప్పగించే భాషలు ఒక గుంపు. స్పానిష్ అందులోది. దారిని క్రియ వెంట వచ్చే చిన్న మాటలకు వదిలేసే భాషలు రెండో గుంపు. ఇంగ్లీషు ఇందులోది. దారి చెప్పే పని తప్పింది కాబట్టి, ఇంగ్లీషు క్రియకు కదలిక తీరు చెప్పే తీరిక దొరికింది.

డాన్ స్లోబిన్, ఆయన తోటి పరిశోధకులు దీన్ని కథలతో పరీక్షించారు. మెర్సర్ మేయర్ 1969లో వేసిన మాటల్లేని బొమ్మల పుస్తకం ఒకటుంది. తప్పిపోయిన కప్ప కోసం ఒక పిల్లవాడు, అతని కుక్క వెతుక్కుంటూ పోవడమే కథ. ఆ బొమ్మలు చూపించి రకరకాల భాషలవారి చేత కథ చెప్పించారు. ఇంగ్లీషువారు కదలిక తీరు చెప్పే క్రియలు ఎక్కువగా, మార్చి మార్చి వాడారు. స్పానిష్ వారు వెళ్ళాడు, దిగాడు, బయటికొచ్చింది అన్నంతలో చాలావరకు సరిపెట్టి, ఆ చోటు ఎలా ఉందో వర్ణించడానికి ఎక్కువ మాటలు ఖర్చు పెట్టారు. పైన చూసిన వాక్యాన్ని బట్టి తెలుగు ఎటువైపు మొగ్గుతుందో మీకే తెలుస్తోంది.

అంటే తెలుగులో పరుగుల రకాలు తక్కువా? ఎంతమాత్రం కాదు. పాము జరజరా పాకుతుంది. పిట్ట తుర్రుమంటుంది. బాణం రివ్వున పోతుంది. దూడ చెంగుచెంగున గెంతుతుంది. ఏరు బిరబిరా పారుతుంది. కొత్త బండి రయ్యిమని దూసుకుపోతుంది. కోపం వచ్చిన మనిషి చరచరా నడిచి వెళ్ళిపోతాడు. కొత్తగా నడక నేర్చిన పసివాడు గునగునా వస్తాడు. వీటిలో ఒకదాని చోట ఇంకోదాన్ని పెట్టి చూడండి, వినేవాళ్ళు నవ్వుతారు. పాము చెంగుచెంగున పాకదు, ఏరు గునగునా పారదు. ఇలాంటి ధ్వన్యనుకరణ మాటలు ద్రావిడ భాషలకూ ఉత్తరాది భాషలకూ ఉమ్మడి ఆస్తి అని భాషాశాస్త్రవేత్త ఎం.బి. ఎమెనో 1969లోనే రాశారు.

ఈ మాటలన్నీ క్రియకు పక్కన నిలబడేవి. ఇంగ్లీషు క్రియ తన కడుపులో పెట్టుకున్నదాన్ని తెలుగు క్రియ పక్కన పెట్టుకుంటుంది. గైడుల్లో తప్పు జరిగేది ఇక్కడే. క్రియకు క్రియ వెతికి రాసి, పక్కమాటను వదిలేస్తారు. డార్ట్ అంటే ఉత్త 'పరుగెత్తు' కాదు, 'రివ్వున దూసుకుపోవు'. స్కరీ అంటే 'గబగబా చిన్న చిన్న అడుగులతో పోవు'. బోల్ట్ అంటే 'ఒక్క ఉదుటున పారిపోవు'. కుడివైపు ఒక మాటకు బదులు రెండు మూడు మాటలు రాస్తే సగం చిక్కు అక్కడికక్కడే తీరిపోతుంది.

ఈ మాటలన్నీ ఎక్కణ్ణుంచి వచ్చాయి?

రన్, ఫ్లీ, స్పీడ్ వంటివి ఇంగ్లీషుకు పుట్టింటి మాటలు. రేస్ అన్నది ఉత్తర సముద్రం దాటి వచ్చిన స్కాండినేవియా వారిది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలుచుకున్నాక ఫ్రెంచి దారిన రష్, గ్యాలప్, డార్ట్, హేస్ట్ వచ్చి చేరాయి. ఆ తర్వాత పండితులు లాటిన్ నుంచి యాక్సిలరేట్, ఎక్స్‌పెడైట్ లాంటివి తెచ్చారు. అమెరికా అంతర్యుద్ధం రోజుల్లో సైనికులు కాలికి బుద్ధి చెప్పడాన్ని స్కెడాడిల్ అన్నారు. ఇప్పుడు దాన్ని నవ్వుతూ తప్ప ఎవరూ అనరు.

ఎక్స్‌పెడైట్ దగ్గర ఒక్క క్షణం ఆగాలి. అందులో ఉన్నది పాదం అనే అర్థమున్న లాటిన్ మాట. కాళ్ళకున్న బంధం విప్పడం ఎక్స్‌పెడైట్, కాళ్ళకు బంధం వేయడం ఇంపీడ్. మన ఆఫీసు ఉత్తరాల చివర 'ప్లీజ్ ఎక్స్‌పెడైట్' అని రాసే గుమాస్తా ఫైలు కాళ్ళకు సంకెళ్ళు విప్పమని వేడుకుంటున్నాడన్నమాట. ఆ ఫైళ్ళను చూసినవారికి ఇది అతిశయోక్తి అనిపించదు.

స్పీడ్ కథ ఇంకా వింత. పాత ఇంగ్లీషులో ఆ మాటకు ముఖ్యార్థం వేగం కాదు. విజయం, కలిసిరావడం అని దాని అర్థం. ప్రయాణమయ్యేవారిని 'గాడ్‌స్పీడ్' అని దీవించేవారు. దేవుడు వేగంగా తీసుకెళ్ళాలని కాదు, నీ పని సఫలం కావాలని. 'మోర్ హేస్ట్, లెస్ స్పీడ్' అనే సామెత ఈనాటివారికి తలాతోకా లేనట్టు కనిపించడానికి కారణం కూడా ఇదే. తొందర ఎక్కువైతే పని సఫలం కాదన్నది అందులో అసలు మాట. ఫాస్ట్‌కు మొదటి అర్థం గట్టిగా, కదలకుండా అని. రంగు పోని బట్టను ఫాస్ట్ కలర్ అనడం ఆ పాత అర్థంలోనే. గట్టిగా పరుగెత్తు అన్న వాడుక నుంచే వేగం అనే అర్థం వచ్చి అతుక్కుంది. క్విక్ అంటే ప్రాణమున్న అని. మన 'చురుకు'లోనూ జీవం, వేగం రెండూ కలిసే ఉన్నాయి కాబట్టి తెలుగువారికి ఇది కొత్తగా తోచకపోవచ్చు.

గుర్రం లేకపోతే ఈ జాబితా సగానికి తగ్గిపోయేది. ట్రాట్, కాంటర్, గ్యాలప్ అనేవి గుర్రపు నడకల పేర్లు, నెమ్మది నుంచి వేగానికి ఇదే వరస. కాంటర్‌కు పేరు కాంటర్‌బరీ ఊరి నుంచి వచ్చింది. 1170లో అక్కడి కెథడ్రల్‌లో థామస్ బెకెట్ అనే ఆర్చిబిషప్పును హత్య చేశారు. ఆయన సమాధి పెద్ద యాత్రాస్థలమైంది. చాసర్ కాంటర్‌బరీ కథలు చెప్పుకునేది ఆ దారిన పోయే యాత్రికులే. అలాంటి యాత్రికులు గుర్రాలను అలవకుండా తోలే తేలికపాటి పరుగును కాంటర్‌బరీ పరుగు అన్నారు. 18వ శతాబ్దానికి ఊరి పేరులో తోక తెగిపోయి కాంటర్ మిగిలింది. ఈనాటికీ ఒక జట్టు 'ఎట్ ఎ కాంటర్' గెలిచిందంటే చెమట పట్టకుండా గెలిచిందని.

మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిన కెరీర్ కూడా పరుగుల కుటుంబంలోదే. ఫ్రెంచిలో అది పందెపు బాట. దాని వెనక లాటిన్‌లో బండికి ఉన్న పేరు ఉంది. నామవాచకంగా కెరీర్ మర్యాదస్థురాలై ఉద్యోగంలో స్థిరపడింది. క్రియగా వాడితే మాత్రం పగ్గాలు తెగినట్టు అటూ ఇటూ ఊగుతూ దూసుకుపోవడం. ఘాటు రోడ్డులో బ్రేకు పడని లారీ కెరీర్ అవుతుంది. పాఠశాలల్లో వినిపించే కరిక్యులం కూడా లాటిన్‌లో పరుగు అనే అర్థమున్న మాట నుంచే పుట్టింది. కొరియర్, కర్సర్, కారిడార్, కరెన్సీ అన్నీ అదే మూలం నుంచి వచ్చినవి. సిలబస్ వెంట పరుగెత్తలేక పిల్లలు ఆయాసపడుతున్నారని తల్లిదండ్రులు అంటే లాటిన్ పండితులు కాదనలేరు.

యుద్ధాలూ కొన్ని ఇచ్చాయి. డార్ట్ అంటే విసిరే చిన్న ఈటె. బోల్ట్ అంటే మరవిల్లు నుంచి వదిలే పొట్టి బాణం. రెండూ ఆయుధాల పేర్లుగా వచ్చి క్రియలుగా మారాయి. 2009లో బెర్లిన్‌లో 100 మీటర్లు 9.58 సెకన్లలో పరుగెత్తిన జమైకా మనిషికి ఇంటిపేరే బోల్ట్ కావడం కాకతాళీయమే, కానీ పత్రికల శీర్షికలు రాసేవారికి అంతకంటే ఏం కావాలి. తోటమాలులు మొక్కలు కూడా బోల్ట్ అవుతాయంటారు. ఎండలు ముదరగానే కొత్తిమీర ఆకులు పెట్టడం మాని ఒక్కసారిగా పూతకొచ్చేస్తుందే, అదీ బోల్టే.

డ్యాష్ సంగతి మనకు దగ్గరిది. దాని పాత అర్థం బలంగా కొట్టడం, ఢీకొట్టడం. ఇంగ్లీషులో ఆ అర్థం ఇప్పుడు ఆశలు భగ్నమయ్యాయని చెప్పేటప్పుడు, అలలు రాళ్ళకు కొట్టుకునేటప్పుడు ఎక్కువగా కనిపిస్తుంది. మన రోడ్ల మీద 'లారీ డ్యాష్ ఇచ్చింది' అంటే ఎవరికీ పరుగు గుర్తుకు రాదు. లండన్‌లో మాత్రం 'ఐ మస్ట్ డ్యాష్' అని లేచినవారు ఎవరినీ గుద్దబోవడం లేదు, పనుండి గబగబా బయల్దేరుతున్నారు.

హర్రీ అంటే పరుగేనా?

కాదు. నా లెక్కలో ఈ మొత్తం వ్యవహారంలో తప్పనిసరిగా తెలుసుకోవలసింది ఇదొక్కటే.

1852లో పీటర్ మార్క్ రోజే అనే వైద్యుడు లండన్‌లో తన థెసారస్ ప్రచురించాడు. సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు మద్రాసులో అచ్చయింది కూడా ఆ ఏడే. రోజే మాటలను అక్షరక్రమంలో పెట్టలేదు. మనిషి భావాలన్నిటినీ ఆరు పెద్ద తరగతులు చేసి, వాటి కింద వెయ్యి శీర్షికలు పెట్టి, మాటలను అర్థాన్ని బట్టి సర్దాడు. వేగాన్ని 'స్థలం' అనే తరగతిలో, చలనం కింద పెట్టాడు. తొందరను అక్కడ పెట్టలేదు. ఎన్నో పేజీల తర్వాత వచ్చే 'సంకల్పం' అనే తరగతిలో, మనిషి పనులూ ప్రయత్నాల మధ్య పెట్టాడు.

అంటే వేగం ఒంటికి సంబంధించింది, తొందర మనసుకు సంబంధించింది. పందెంలో ఉన్నవారు స్ప్రింట్ చేస్తారు, దాన్ని హర్రీ అనరు. కుర్చీలోంచి కదలకుండా ఉత్తరం హర్రీగా రాసేయవచ్చు, టిఫిన్ హర్రీగా ముగించవచ్చు. తెలుగులో వేగం వేరు, తొందర వేరని మనకు తెలుసు. ఇంగ్లీషుకు వచ్చేసరికి గైడు మాట నమ్మి రెంటినీ ఒకే గాట కట్టేస్తాం. రన్, స్ప్రింట్, డ్యాష్, గ్యాలప్ ఒక దొడ్డివి. హర్రీ, రష్, హేసన్ ఇంకో దొడ్డివి.

ఆ రెండో దొడ్డిలోనూ తేడాలున్నాయి. హర్రీ సామాన్యమైన తొందర, షేక్‌స్పియర్ కాలం నుంచీ వాడుకలో ఉంది. బస్సు అందుకోవాలంటే అది చాలు. రష్‌లో తోపుడు ఉంది. పాత ఫ్రెంచిలో దాని మూలానికి తరిమికొట్టడం అని అర్థం. అందుకే రష్ చేసిన పనిలో పొరపాటు ఉండొచ్చన్న అనుమానం వెంట వస్తుంది. 'డోంట్ రష్ మీ' అన్నవారు నన్ను తొయ్యకండి అంటున్నారు. రష్‌కు ఇంకో శక్తి ఉంది, మనల్ని ఎవరో తీసుకుపోవడాన్నీ చెప్పగలదు. ప్రమాద వార్తల్లో 'వజ్ రష్డ్ టు హాస్పిటల్' అని ఉన్నచోట మన పత్రికలు 'హుటాహుటిన ఆసుపత్రికి తరలించారు' అని రాస్తాయి. ఇంతకంటే చక్కగా కుదిరిన జోడీ నాకు కనిపించలేదు. గైడు రాసేవారి కంటే విలేకరులకే పక్కమాట విలువ బాగా తెలుసు.

హేసన్‌ను పలికేటప్పుడు మధ్యలో రాసి ఉన్న 'టి' మింగేయాలి. ఇది రాతలో, మర్యాద మాటల్లో బతికే క్రియ. వీధిలో పరుగెత్తేవారిని చూసి ఎవరూ హేసన్ అనరు. ఒక సంఘటన త్వరగా జరిగేలా చేయడానికి, లేదా అపార్థం రాకముందే ఒక మాట కలుపుతున్నానని చెప్పడానికి దీన్ని వాడతారు.

మరి ఏది ఎక్కడ?

ముందుగా, పరుగెత్తేది ఎవరో చూడండి. ఎలుక, చీమ, వాన మొదలవగానే చూరు కిందికి చేరే జనం స్కరీ చేస్తారు. ఎండ్రకాయ, బొద్దింక స్కటిల్ చేస్తాయి. పిల్లలు, కుక్కపిల్లలు స్కాంపర్ చేస్తారు. ఈ మాట యుద్ధభూమి వదిలి పారిపోవడం నుంచి పుట్టిందని పండితులంటారు కానీ, ఇప్పుడు అందులో ఉన్నది ఉత్సాహమే. మంత్రిగారు సభలోకి స్కాంపర్ చేశారని రాస్తే వ్యంగ్యం అవుతుంది. కావాలని రాస్తే మంచిదే.

తర్వాత, దేనివైపు పోతున్నారా, దేన్నుంచి పోతున్నారా అన్నది. ఫ్లీ, బోల్ట్ ఎప్పుడూ దేన్నుంచో తప్పించుకోవడమే. తెలుగులో 'పరుగెత్తు'కూ 'పారిపోవు'కూ ఉన్న దూరం అది. ఫ్లీ అంటే కాళ్ళతోనే పోవాలని లేదు, విమానమెక్కి దేశం దాటినా ఫ్లీయే. దూరం కూడా చూసుకోవాలి. డ్యాష్, డార్ట్, స్ప్రింట్ పొట్టి దూరాలవి. విజయవాడ నుంచి హైదరాబాదుకు ఎవరూ డార్ట్ చేయలేరు. చివరిగా, పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయన్నది. హర్టిల్, కెరీర్ అనేవి అదుపు తప్పిన వేగానికి. తనంత తాను జాగ్రత్తగా బండి నడుపుకుంటూ వస్తున్న పెద్దమనిషి గురించి హర్టిల్ అని రాస్తే ఆయన నొచ్చుకుంటాడు.

జూమ్, విజ్, జిప్ లాంటివి చప్పుడు నుంచి పుట్టాయి, మన రయ్యిమనడం, ఝుమ్మనడం లాగే. జూమ్‌ను మొదటి ప్రపంచ యుద్ధకాలపు విమాన చోదకులు విమానాన్ని నిటారుగా పైకి లేపడమనే అర్థంలో వాడారు. తర్వాత కెమెరాల్లోకి వచ్చింది. కరోనా రోజుల నుంచి 'జూమ్‌లో ఉన్నాను' అంటే గంటల తరబడి కదలకుండా కూర్చున్నానని అర్థం.

మన నోట్లో పడి ఏమయ్యాయి?

అప్పు తెచ్చుకున్న మాటను మన అవసరానికి మలుచుకోవడం తప్పేమీ కాదు. 'బస్సు రష్‌గా ఉంది' అంటే కిటకిటలాడుతోందని తెలుగువాళ్ళందరికీ తెలుసు. తోపులాట నుంచి జనసమ్మర్దానికి అడుగే దూరం. కానీ అదే వాక్యాన్ని తిప్పి 'బస్ ఈజ్ రష్' అంటే వినేవారికి అర్థం కాదు, అక్కడ క్రౌడెడ్ అనాలి. 'వాడు జంప్' అంటే మనకు పరారీ, ఇంగ్లీషులో గెంతు. 'రన్నింగ్ బస్సు ఎక్కొద్దు' అని కండక్టరు చెప్పింది కదులుతున్న బస్సు గురించి. మూవింగ్ అనడమే వారి వాడుక.

స్ప్రింట్‌ను మాత్రం చెడగొట్టింది మనం కాదు. సాఫ్ట్‌వేర్ పనిని రెండేసి వారాల ముక్కలు చేసి ఒక్కో ముక్కకు స్ప్రింట్ అని పేరు పెట్టారు. మాదాపూర్‌లోనూ గచ్చిబౌలిలోనూ ఒక స్ప్రింట్ అయిన మర్నాడే ఇంకోటి మొదలవుతుంది. మైదానంలో స్ప్రింట్ అంటే కొద్ది సెకన్లలో ఉన్న ఊపిరంతా ఖర్చు చేయడం, ఆ వెంటనే ఆగడం. ఆగడం లేని స్ప్రింట్‌కు ఇంగ్లీషులో వేరే పేరుంది, మారథాన్.

ఇక రన్. అన్నిటికంటే తేలికైనదని మొదటి తరగతిలోనే నేర్పే ఈ మాట అన్నిటికంటే పెద్దది. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ కొత్త కూర్పు కోసం సంపాదకుడు పీటర్ గిలివర్ ఈ ఒక్క క్రియ మీదే తొమ్మిది నెలలు కూర్చుని 645 అర్థాలు తేల్చాడు. 1989 నాటి కూర్పులో సెట్ అనే క్రియ 430 అర్థాలతో మొదటి స్థానంలో ఉండేది, దాన్ని రన్ దాటేసింది. ముక్కు కారినా, కొళాయి కారినా, యంత్రం నడిచినా, దుకాణం నడిపినా, ఎన్నికల్లో నిలబడినా, చీర రంగు దిగినా రన్నే. మనిషి కాళ్ళతో పరుగెత్తడం ఆ 645లో ఒక చిన్న మూల. రన్ ఇంత విస్తరించడానికి యంత్రయుగం కొంత కారణం. ఆవిరి ఇంజన్లు, రైళ్ళు, గడియారాలు వచ్చాక ఆగకుండా పనిచేసే ప్రతిదానికీ ఈ మాటే వాడుకలో పడింది.

ఇన్నిటినీ ఎలా గుర్తుంచుకోవాలని అడిగితే నేను చెప్పేది ఒకటే. జాబితాలు బట్టీ పట్టకండి. ఏ.ఎస్. హార్న్‌బీ జపానులో ఇంగ్లీషు చెబుతూ, పరాయి భాషవారికి అర్థంతోపాటు వాడుక కూడా కావాలని గ్రహించి ఒక నిఘంటువు తయారుచేశాడు. అది 1942లో టోక్యోలో అచ్చయింది. ఇప్పుడు మన పుస్తకాల షాపుల్లో దొరికే ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ దాని వారసురాలే. అందులో అర్థం చదివి ఆగకుండా కింద ఇచ్చిన ఉదాహరణ వాక్యం చదవండి. పరుగెత్తేది ఎవరు, ఎటు, ఎందుకు అన్నది చూసి, దాని పక్కన మీ ఊళ్ళో వాడే తెలుగు మాట రాసుకోండి. తుర్రుమని అనో, చరచరా అనో, లగెత్తాడు అనో, ఉరికిండు అనో ఏదైనా సరే, క్రియకు పక్కమాట తప్పనిసరిగా ఉండేటట్టు చూసుకోండి. గైడులో కుడివైపు నిలువును మాత్రం కొట్టేయండి.